మీకు తెలుసా? బొగ్గుముక్కతో విహంగ వీక్షణం

మనుషులు బెలూన్‌లో గాలిలోకి లేచింది 1783లో. అంతకు 283 ఏళ్ల ముందే, 1500లో, వెనిస్ నగరాన్ని ఆకాశం నుంచి చూసినట్టు గీసి అచ్చు వేశారు. గీసినవాడు యాకోపో దె బార్బరి. వేయించినవాడు నూరెంబర్గ్‌కు చెందిన వర్తకుడు ఆంటోన్ కోల్బ్. ఆరు పియర్ చెక్క దిమ్మెల మీద చెక్కి, ఆరు పెద్ద కాగితాల మీద అచ్చు తీసి పక్కపక్కన పేరిస్తే 2.8 మీటర్ల వెడల్పు, 1.3 మీటర్ల ఎత్తు బొమ్మ తయారవుతుంది. కాలువలు, వంతెనలు, చర్చిలు, పెరళ్లు, పొగగొట్టాలు దేనికదే విడివిడిగా కనిపిస్తాయి. ఆ చెక్క దిమ్మెలు నేటికీ వెనిస్‌లోని కొర్రేర్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

మరి బార్బరి ఎక్కడ నిలబడి చూశాడు? అలాంటి చోటే లేదు. ఉప్పుకయ్యల మధ్య బల్లపరుపుగా ఉన్న ఊరది, దగ్గర్లో కొండ కూడా లేదు. గంట గోపురాలు ఎక్కి ముక్కలు ముక్కలుగా చూసి, కొలతలు తీసుకుని, ఆ ముక్కలన్నిటినీ గాలిలోని ఒక ఊహాబిందువు నుంచి కనిపించేట్టు కాగితం మీద కలిపారని పరిశోధకుల అభిప్రాయం. ఈ పనికి మూడేళ్లు పట్టిందని కోల్బ్ ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీలో చెప్పుకున్నాడు. విహంగ వీక్షణంలో నన్ను ఎప్పుడూ కట్టిపడేసేది ఇదే. పైనుంచి ఊరిని గీయాలంటే ముందు కింద నడవాలి. సందుల్లో తిరిగి తెలుసుకున్నదాన్నే చిత్రకారుడు పైకెత్తి చూపిస్తాడు.

ఆ బొమ్మలో ఇంకో చిన్న విశేషం ఉంది. సెయింట్ మార్క్ చౌకులోని గంట గోపురానికి 1489లో పిడుగు పడి పైకప్పు పోయింది. బార్బరి దాన్ని తాత్కాలికంగా వేసిన చదును కప్పుతోనే చూపించాడు. తర్వాత గోపురం బాగయింది. అప్పుడు దిమ్మెలో ఆ మేరకు మార్చి, కొత్త శిఖరంతో మళ్లీ అచ్చు తీశారు. ఏ ప్రతి ముందుది, ఏది తర్వాతది అని తేల్చడానికి నిపుణులు ముందు చూసేది ఆ గోపురాన్నే.

◆

పారిస్ నగరాన్ని పైనుంచి గీయడానికి ఒక చిత్రకారుడికి ఇళ్లలోకి వెళ్లే అనుమతిపత్రం ఇచ్చారు. ఆయన లూయీ బ్రెతే. 1734లో పారిస్ నగర పాలకుడు మిషెల్ ఎతియెన్ త్యూర్గో ఆయనకు పని అప్పగించాడు. బ్రెతే రెండేళ్లపాటు భవంతుల లోపలి ఆవరణలు, తోటలు, పెరళ్లు చూస్తూ గీశాడు. 1739లో 20 షీట్లుగా అచ్చయింది. ఇందులో దూరాన ఉన్న ఇల్లు చిన్నదిగా, దగ్గరి ఇల్లు పెద్దదిగా ఉండవు. అన్నీ ఒకే కొలతలో ఉంటాయి. కంటికి అలా ఎప్పుడూ కనిపించదు. అయినా నగరవాసి తన ఇల్లు ఊరి చివర ఉన్నా వెతికి పట్టుకోగలడు. కంటికి కనిపించే తీరును వదులుకుని ఊరివాళ్లందరికీ సమానంగా చోటిచ్చిన ఆ ఎంపిక నాకు చాలా గొప్పగా తోస్తుంది.

◆

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో ఊళ్లను ఇలా పైనుంచి గీయడం ఒక జీవనోపాధి. ఆల్బర్ట్ రూగర్, థాడియస్ ఫౌలర్, ఓక్లీ బెయిలీ లాంటివాళ్లు చిన్న చిన్న పట్టణాలకు వెళ్లి, వీధి వీధీ నడిచి, ఒక్కో భవనాన్నీ విడిగా గీసుకునేవారు. తర్వాత ఏటవాలుగా పరిచిన వీధుల చట్రం మీద వాటిని నిలబెట్టి, రాతి అచ్చులో ముద్రించి, ఆ ఊరివాళ్లకే అమ్మేవారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఇలాంటి పటాలు దాదాపు 1,500 ఉన్నాయి.

◆

ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో మనకు మిగిలిన అతి పాతది బోస్టన్ నగరానిది. 1860 అక్టోబరు 13న జేమ్స్ వాలెస్ బ్లాక్ బెలూన్‌లోంచి తీశాడు. అంతకు రెండేళ్ల ముందే ఫ్రాన్సులో నాదార్ తీశాడు గానీ ఆ ఫోటోలు దక్కలేదు. బోస్టన్ ఫోటోలో అంచులు మసకబారి ఉంటాయి. కప్పులు తెల్లగా, సందులు నల్లగా, మధ్యలో బూడిదరంగు. బొగ్గుతో గీసేవాళ్లు ఈ ఫోటోను ఒకసారి తప్పకుండా చూడాలి. నగరం పైనుంచి చూస్తే గీతలకంటే ముందు వెలుగునీడల ముద్దలుగా కనిపిస్తుందని అంత తేటగా చూపేది ఇంకొకటి నాకు తెలియదు.

◆

ఇక బొగ్గు సంగతి. ఫ్రాన్సులోని షోవే గుహలో బొగ్గుతో గీసిన జంతువుల బొమ్మలు దాదాపు 36,000 ఏళ్ల నాటివి. గీసింది బొగ్గుతో కాబట్టే కార్బన్ పరీక్షతో వాటి వయసు తేల్చగలిగారు. మట్టిరంగులతో మాత్రమే వేసిన బొమ్మలకు ఆ వీలు లేదు.

చిత్రకారుల బొగ్గు ఎలా చేయాలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని సుమారు 1400 ప్రాంతంలో రాసిన చేతిపుస్తకంలో ఉంది. ఎండిన విల్లో కొమ్మలను సన్నని పుల్లలుగా చీల్చి, కట్టలు కట్టి, సన్నటి తీగతో బిగించాలి. కొత్త కుండ నిండా పేర్చి, మూతపెట్టి, గాలి చొరకుండా బంకమట్టితో మెత్తాలి. సాయంత్రం రొట్టెలు కాల్చేవాడు పని ముగించాక ఆ వేడి పొయ్యిలో కుండ పెట్టి, తెల్లవారాక తీయాలి. రహస్యమంతా ఆ మట్టి మూతలోనే ఉంది. గాలి తగిలితే పుల్ల మండి బూడిదవుతుంది. గాలి అందకపోతే చెక్కలోని తేమ, వాయువులు బయటికి పోయి కర్బనం మిగులుతుంది, పుల్ల ఆకారం చెడకుండా. ఇంగ్లండులోని సోమర్సెట్‌లో నేటికీ విల్లో తోటలు పెంచి చిత్రకారుల కోసం బొగ్గు కాలుస్తున్నారు. పద్ధతి మూలసూత్రం అదే.

ఇది మనకు కొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గుతోనే గుడ్డమీద తొలి రేఖలు వేస్తారు. కరక్కాయ, పాలల్లో ముంచి ఆరబెట్టిన నూలు గుడ్డ మీద రామాయణ ఘట్టమంతా ముందు ఆ చింతబొగ్గుతో లేస్తుంది. ఆ తర్వాతే బెల్లం, పాత ఇనుము నానబెట్టిన నల్లరంగులో కలం ముంచి రేఖలు ఖాయం చేస్తారు. బొగ్గు గీత నచ్చకపోతే గుడ్డను దులిపితే పోతుంది, కలం గీత పోదు. చెన్నీని కూడా ఇదే కారణంతో బొగ్గును ముందు పట్టుకోమన్నాడు. తప్పు గీత వేసినా తుడిచెయ్యవచ్చు. ఇటలీ విల్లో, రాయలసీమ చింత ఒకే పనికి వచ్చాయి.

◆

బొగ్గు కాగితానికి అంటుకోదు, దానిమీద కూర్చుంటుంది. కాగితం పైపొరలోని గరుకుల్లో పొడి చిక్కుకుంటుంది, అంతే. జిగురు ఉండదు. అందుకే వేలితో రాస్తే జరుగుతుంది, గుడ్డతో విదిలిస్తే లేస్తుంది. పొడిని జిగురు కలిపి అచ్చు పోసిన గట్టి బొగ్గు వేరే ఉంది. అది ఎక్కువ నల్లగా పడుతుంది, తుడిస్తే మొండికేస్తుంది. నగరాన్ని పైనుంచి గీసేవాళ్లకు రెండూ కావాలి. దూరపు పేటలకు మెత్తటి పుల్ల, దగ్గరి భవనాల నీడలకు గట్టిది.

ఎందుకంటే దూరం పెరిగేకొద్దీ నలుపు నలుపుగా మిగలదు. మన కంటికీ దూరపు కట్టడానికీ మధ్య ఉన్న గాలి, దుమ్ము, తేమ వెలుగును చెదరగొడతాయి. ఆ చెదిరిన వెలుగు నీడలమీద పలుచని తెరగా పడుతుంది. దూరంగా ఉన్న నీడలు లేత బూడిదరంగుకు తిరుగుతాయి, తెలుపు కాస్త మాసిపోతుంది, చివరికి రెండూ ఒకటైపోతాయి. ఎత్తునుంచి చూసినప్పుడు కళ్లముందు కిలోమీటర్ల కొద్దీ గాలి ఉంటుంది కాబట్టి ఈ మార్పు ఒకే బొమ్మలో అంచెలంచెలుగా కనిపిస్తుంది. కలంతో ఇది చూపాలంటే వేల గీతలు కావాలి. బొగ్గు పొడి అద్దిన మెత్తటి తోలుముక్కను ఒక్కసారి అడ్డంగా లాగితే చాలు.

◆

బొగ్గుతో నగరాలను గీసినవాళ్లలో ఒక్క పేరే చెప్పమంటే నేను హ్యూ ఫెరిస్ పేరు చెబుతాను. 1889లో సెయింట్ లూయిస్‌లో పుట్టాడు, ఆర్కిటెక్చర్ చదివాడు, 1912లో న్యూయార్క్ చేరాడు. తన పేరు చెప్పుకోదగ్గ భవనం ఒక్కటీ కట్టలేదు. ఇతరుల భవనాలు కట్టకముందే ఎలా ఉంటాయో గీసి చూపడమే ఆయన వృత్తి. ఆయన బొమ్మలు చూసి నగరమే మారింది.

కథ ఇలా జరిగింది. 1915లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఈక్విటబుల్ బిల్డింగ్ పూర్తయింది. ఎకరం కూడా లేని స్థలంలో దాదాపు 12 లక్షల చదరపు అడుగులు. రోడ్డు అంచునుంచి నిటారుగా లేచింది. దాని నీడ ఏడెకరాల మీద పడుతుందని గగ్గోలు పుట్టింది. మరుసటి ఏడాది, 1916లో, నగరం జోనింగ్ చట్టం తెచ్చింది. భవనం ఒక ఎత్తు దాటాక వీధినుంచి వెనక్కి తగ్గుతూ పోవాలి. స్థలంలో నాలుగో వంతు మీద మాత్రం టవర్‌ను ఎంత ఎత్తుకైనా లేపుకోవచ్చు.

చట్టం కాగితం మీద కోణాలుగా, శాతాలుగా ఉంది. కట్టేవాళ్లకు దాని ఆకారం కంటికి కట్టలేదు. 1922లో ఆర్కిటెక్ట్ హార్వీ వైలీ కార్బెట్‌తో కలిసి ఫెరిస్ నాలుగు బొమ్మలు గీశాడు. మొదటిదానిలో చట్టం ఒప్పుకునే గరిష్ఠ ఘనపరిమాణం, కిటికీ లేదు, తలుపు లేదు, ఆకాశంలోకి పొడుచుకొచ్చిన నల్లని కొండ. రెండోదానిలో లోపలికి వెలుతురు రావడానికి ఆ కొండను అక్కడక్కడా కోశాడు. మూడోదానిలో వాలు అంచులను ఉక్కు చట్రానికి పనికొచ్చే మెట్లుగా మార్చాడు. నాలుగోదానిలో అది మనుషులు వాడుకోగల భవనంగా తేలింది. నల్ల క్రేయానుతో పూసి, కాగితం చుట్టి చేసిన పుల్లతో రుద్ది తెచ్చిన బొమ్మలవి. ఆ తర్వాత పదేళ్లలో న్యూయార్క్‌లో లేచిన మెట్లమెట్ల ఆకాశహర్మ్యాలను చూస్తే ఆ నాలుగు బొమ్మలు గుర్తుకు రాక మానవు. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ కూడా కింద వెడల్పుగా మొదలై, వెనక్కి తగ్గి, ఒక్క టవర్‌గా లేచిందే.

ఫెరిస్ ముందు కాగితమంతా నలుపు పరిచి, రుద్ది, ఆ చీకట్లోంచి రబ్బరుతో వెలుగు తీసేవాడు. పదునైన అంచు కావాలంటే కత్తితో గీకేవాడు. అంటే భవనాన్ని ఆయన గీయలేదు, చీకటిలోంచి తొలిచాడు. చట్టం కూడా సరిగ్గా ఆ పనే చేస్తోంది. ముందు పెద్ద ముద్ద ఇచ్చి, వెలుతురు కోసం కోసుకుంటూ రమ్మంటోంది. సాధనం, విషయం ఇంతగా ఒకటైన సందర్భాలు చిత్రకళలో అరుదు. అదే బొమ్మను సన్నని పెన్నుతో వేసి ఉంటే కిటికీలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్లం, ఆకారం తోచేది కాదు.

1929లో వచ్చిన ఆయన పుస్తకం పేరు ‘ది మెట్రోపోలిస్ ఆఫ్ టుమారో’. మూడు భాగాలు. మొదట ఉన్న నగరాలు, తర్వాత వస్తున్న మార్పులు, చివర ఊహానగరం. ఆ ఊహానగరాన్ని వ్యాపారం, కళ, శాస్త్రం అని మూడు మండలాలుగా విడగొట్టాడు. టవర్లను దూరదూరంగా నిలిపి, మధ్యలో తక్కువ ఎత్తు కట్టడాలు పరిచాడు. పైనుంచి చూస్తేనే ఆ అమరిక బోధపడుతుంది, అందుకే విహంగ వీక్షణాలు వేశాడు. 1947లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యాలయానికి నమూనా తేల్చడానికి లె కార్బూజియె, ఆస్కార్ నీమెయర్ తదితరులు న్యూయార్క్‌లో కూర్చున్నప్పుడు, వాళ్ల ఆలోచనలను వెంటవెంటనే బొమ్మలుగా మార్చి ఇచ్చింది కూడా ఫెరిసే.

◆

ఏడాదిలో రెండు రోజులు హైదరాబాద్‌ను మిట్టమధ్యాహ్నం పైనుంచి గీయడం దాదాపు అసాధ్యం. మే రెండో వారంలో ఒకరోజు, ఆగస్టు మొదటి వారంలో ఒకరోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. స్తంభాల నీడలు వాటి మొదట్లోనే ఇమిడిపోతాయి. దీన్ని శూన్య నీడ దినం అంటున్నాం. నిట్టనిలువుగా పైనుంచి చూసేవాడికి ఆ కాసేపు చార్మినార్‌కూ పక్కనున్న దుకాణానికీ ఎత్తులో తేడా చెప్పే ఆధారమే ఉండదు. అలా నిలువుగా చూసినప్పుడు ఎత్తు అనేది ఎక్కువగా నీడలోనే కనిపిస్తుంది మరి. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే సమతల నేలమీద నీడ పొడవు భవనం ఎత్తుకు సమానం. ఇంకా కిందికి దిగితే నీడ ఇంకా సాగుతుంది. బొగ్గుతో గీసేవాళ్లు పొద్దున ఎనిమిదింటి ఫోటోనో, సాయంత్రం నాలుగింటి ఫోటోనో ఎంచుకోవడం అందుకే.

నీడతో ఇంకో చిక్కు ఉంది. వెలుగు పైనుంచే వస్తుందని మన మెదడు అలవాటుగా నమ్ముతుంది. అందువల్ల నీడలు కాగితం పైఅంచు వైపు పడేట్టు గీస్తే, కొందరి కంటికి భవనాలు గుంటలుగా, వీధులు గట్లుగా తలకిందులై కనిపిస్తాయి. పటాలు గీసేవాళ్లు కొండలకు ఎడమ పైమూల నుంచి వెలుగు వచ్చినట్టు నీడలు వేసేది దీన్ని తప్పించడానికే. యూరప్‌లో ఎక్కువ భాగం వెలుతురు దక్షిణం నుంచే వచ్చినా పటంలో మాత్రం వాయవ్యం నుంచి వస్తుంది. మీ బొమ్మలో ఊరు గుంటల్లోకి దిగిపోయినట్టు అనిపిస్తే కాగితాన్ని ఒకసారి తిప్పి చూడండి.

◆

కిందకు చూసినప్పుడు నిలువు గోడలు సమాంతరంగా ఉండవు. రైలు పట్టాలు దూరాన కలిసినట్టు కనిపించినట్లే భవనాల మూలలు భూమి లోపల ఎక్కడో ఉన్న బిందువు వైపు వంగుతాయి. టవర్ పైకప్పు వెడల్పుగా, పాదం సన్నగా తేలుతుంది. మొదటిసారి గీసేవాళ్లకు ఇది తప్పులా తోచి గోడలను నిటారుగా సరిదిద్దుతారు. అప్పుడు చూపు ఎత్తు పోయి బొమ్మ పక్కనుంచి చూసినట్టయిపోతుంది.

క్షితిజరేఖ దాదాపు చూసేవాడి కంటి ఎత్తులోనే కనిపిస్తుంది, పైకెక్కినా సరే. 100 మీటర్ల ఎత్తునుంచి అది సుమారు 36 కిలోమీటర్ల దూరాన ఉంటుంది, పది కిలోమీటర్ల ఎత్తులో ఎగిరే విమానం నుంచి సుమారు 357 కిలోమీటర్లు. బార్బరి తన వెనిస్ బొమ్మలో ఆ రేఖను పైఅంచు దగ్గర ఉంచి, వెనక ఆల్ప్స్ కొండలు కూడా చూపాడు. చూపు ఇంకా కిందికి వంచితే క్షితిజరేఖ కాగితం దాటిపోతుంది, ఆకాశం ఉండదు, అంచునుంచి అంచుదాకా ఊరే.

◆

అమెరికా చిత్రకారిణి ఇవోన్ జాకెట్ 1969లో విమానం కిటికీలోంచి మబ్బులను గీయడంతో మొదలుపెట్టి, తర్వాత చిన్న విమానాలు అద్దెకు తీసుకుని రాత్రి నగరాలమీద తిరుగుతూ గీసింది. 2023లో చనిపోయేదాకా పైనుంచి చూసేదే ఆమె చూపు. రాత్రిపూట దీపాల వరుసలే వీధులవుతాయి, కాగితం నలుపే భూమి అవుతుంది. జార్జియా ఓకీఫ్ 1959లో గీసిన బొగ్గు చిత్రాల్లో కొన్ని చెట్టు కొమ్మల్లా ఉంటాయి. నిజానికి అవి విమానంలోంచి చూసిన నదులు. నగరాలు కాకపోయినా ఇక్కడ చెప్పాలనిపించింది, ఎందుకంటే ఎత్తునుంచి ఏది వదిలేయాలో ఆమె అంత నిక్కచ్చిగా తేల్చినవాళ్లు తక్కువ.

◆

రబ్బరు ముక్క రాకముందు బొగ్గును తుడిచింది రొట్టెతో. లోపలి మెత్తటి భాగాన్ని ముద్దచేసి అద్దితే పొడి లేచి వస్తుంది. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు లండన్‌లో 1770లో అమ్మకానికి వచ్చింది. అయినా బొగ్గు చిత్రకారులు చాలాకాలం రొట్టెను వదల్లేదు, కాగితం గరుకు చెడకుండా పొడిని మాత్రమే తీస్తుంది కనుక. ఇప్పుడు దాని స్థానంలో వేళ్లతో ఎలా కావాలంటే అలా నొక్కుకోగల మెత్తటి బూడిదరంగు రబ్బరు వాడుతున్నారు. దాన్ని సూదిమొనలా నలిపి అద్దితే ఒక్క డాబా మీద ఎండ పడుతుంది. ఫెరిస్ చేసినట్టు నలుపులోంచి వెలుగులోకి రావడం కార్టూన్లలో కూడా పనికొచ్చింది. 1992లో టీవీలో మొదలైన బ్యాట్‌మన్ యానిమేషన్ సీరియల్ నేపథ్య చిత్రాలను నల్ల కాగితం మీదే వేశారు.

◆

ఇంత కష్టపడి గీసినది మోచెయ్యి తగిలితే చెరిగిపోతుంది. దాన్ని నిలిపేది లక్క. మన జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కుసుమ, మోదుగ చెట్లమీద లక్కపురుగు చేసే జిగురే. శుద్ధిచేసిన లక్కను ఆల్కహాల్‌లో కరిగించి సన్నని తుంపరగా కొడితే ఆల్కహాల్ ఎగిరిపోయి, పొడిరేణువులను కాగితానికి పట్టి ఉంచే పలుచని పొర మిగులుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో దీన్ని నోటితో ఊదే గొట్టంతో చల్లేవారు. ఇప్పుడు డబ్బాల్లో దొరుకుతున్న వాటిలో ఎక్కువ భాగం కృత్రిమ రెసిన్లు.

నగరాల బొమ్మకు ఈ తుంపర కొట్టేటప్పుడు చెయ్యి దూరంగా పెట్టి, పలుచగా, ఒక పొర ఆరాక ఇంకొకటి వేయాలి. దగ్గరనుంచి ఒకేసారి దట్టంగా కొడితే పొడి తడిసి ముద్దకడుతుంది, లేత బూడిదరంగులు ఒక మెట్టు నల్లబడతాయి. దగ్గరి భవనాల నలుపుకు దీనివల్ల పెద్దగా నష్టం లేదు. క్షితిజరేఖ దగ్గర పొగమంచులో వదిలిన పేటలే ముందుకొచ్చి మీద పడతాయి. అందుకని అనుభవమున్నవాళ్లు ఆ దూరపు వరసను మొదటినుంచే కావలసినదానికంటే ఒక మెట్టు లేతగా ఉంచుకుంటారు.